ఒకే చెంప, రెండు వాపులు

మా పిల్లి పులిగాడికి ముఖం రెండుసార్లు వాచింది. రెండుసార్లూ కుడివైపే. ఒకటి వానాకాలంలో, ఇంకోటి ఆ తర్వాతి ఎండాకాలంలో. "మళ్ళీ ఎవడితోనో కాట్లాడుకొచ్చాడు వెధవ" అని రెండోసారి కూడా మా అత్తయ్య తేల్చేశారు. పైకి చూస్తే ఆవిడ మాట నిజమే అనిపించింది. తీరా చూస్తే రెండూ వేరువేరు జబ్బులు, వైద్యమూ వేరు. వాపు ఎంత పెద్దదా అని మనం కంగారుపడతాం. డాక్టర్లు మాత్రం ఎంతసేపట్లో వచ్చింది, తింటున్నాడా, ఊపిరి ఎలా ఉంది అని అడుగుతారు. ఇంట్లో పిల్లి ఉన్నవాళ్ళకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది తెనాలి. ఊరి చివర ఇల్లు, ప్రహరీ దాటితే పొలాలు. పులిగాడు నారింజరంగు చారల గండుపిల్లి. కూనగా ఉన్నప్పుడు మా అబ్బాయి ట్యూషన్ నుంచి వస్తూ సైకిల్ బుట్టలో వేసుకొచ్చాడు. అప్పటికి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయించలేదు. రాత్రయితే డాబా మీద నుంచి గోడ మీదికి, అక్కణ్ణుంచి ఎక్కడికో. తెల్లారేసరికి వంటింటి గడప దగ్గర హాజరు.

ఆ రోజు హాజరు లేదు. వెతికితే అత్తయ్య మంచం కింద, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. బయటికి లాగితే ముఖం చూసి గుండె ఆగినంత పనైంది. కుడి చెంప పొంగిపోయి కన్ను సగం మూసుకుపోయింది. ఆ వైపు మీసాలు ముందుకు పొడుచుకొచ్చాయి. చేయి పెడితే వేడిగా ఉంది, మెత్తగా లోపలికి దిగుతోంది. ఎప్పుడూ నా మీద గుర్రుమనని వాడు గుర్రుమన్నాడు. ఉడకబెట్టిన చేపముక్క ముందు పెట్టాను. వాసన చూసి, ఒక్కసారి నాలుక తగిలించి, ముఖం తిప్పేసుకున్నాడు.

ఇంట్లో ఎవరి వైద్యం వాళ్ళు మొదలుపెట్టారు. అత్తయ్య పసుపు, ఉప్పు కాపడం అన్నారు. మా వారు అలమరలోంచి పారాసిటమాల్ షీటు తీసి, "జ్వరంలా ఉంది కదా, సగం బిళ్ళ పాలల్లో కలిపి పోద్దాం" అన్నారు. డాక్టరు చూశాకే ఏదైనా, అని షీటు ఆయన చేతిలోంచి తీసుకుని మళ్ళీ అలమరలో పెట్టేశాను. నాకు అప్పటికి ఏదో తెలిసి కాదు. మనుషుల మందు జంతువుకి ఎంత వేయాలో మనకి తెలియదు కదా అని, అంతే.

కూరగాయల బుట్టలో పాత తువ్వాలు పరిచి, మీద ఇంకో బుట్ట బోర్లించి, తాడుతో కట్టాం. పశువుల ఆసుపత్రికి వెళ్ళేసరికి ఆవరణలో రెండు గేదెలు, ఒక మేక. మా బుట్టలోంచి మ్యావ్ వినబడగానే మేకను పట్టుకున్న పెద్దాయన "పిల్లికా అమ్మా ఇంత దూరం వచ్చారు?" అని ఆశ్చర్యపోయాడు. డాక్టరుగారు మాత్రం ఆశ్చర్యపోలేదు. ఈమధ్య రోజుకి ఒకటో రెండో వస్తున్నాయన్నారు.

ఆయన బుట్ట తాడు విప్పకముందే వేసిన మొదటి ప్రశ్న: "ఇంట్లో పారాసిటమాల్ ఏమైనా పట్టించారా?"

నేను మా వారి వైపు చూశాను. ఆయన బుట్ట వైపు చూశారు.

లేదని చెప్పాక డాక్టరుగారు వివరంగా చెప్పారు. మనిషి కాలేయం ఆ మందుని అరిగించుకుని బయటికి పంపేస్తుంది. పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలా తక్కువ. మందు విషంగా మారి రక్తంలో ప్రాణవాయువు మోసే గుణాన్ని చెడగొడుతుంది. చిగుళ్ళు గులాబీరంగులో ఉండాల్సింది గోధుమరంగుకో నీలానికో తిరుగుతాయి, ఆయాసం వస్తుంది. ఇంకో లక్షణం వింటే నాకు ఒళ్ళు జలదరించింది. ముఖమూ పాదాలూ వాస్తాయట! అంటే వాపు తగ్గాలని వేసిన బిళ్ళే వాపు తెచ్చిపెడుతుంది. మామూలు సైజు పిల్లికి సగం బిళ్ళ కూడా ప్రాణం మీదికి తెస్తుంది. పొరపాటున మింగితే విరుగుడు మందు ఉంది, కానీ గంటల్లో పట్టించాలి. "అందుకే ముఖం వాచిన పిల్లి వస్తే ముందు ఇదే అడుగుతాను" అన్నారు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళలూ అదే కోవలోవి. డెట్టాల్‌తో కడగడం, తలనొప్పి బామ్ రాయడం కూడా వద్దన్నారు. పిల్లి ఒంటి మీద ఏది రాసినా అది నాకి మింగుతుంది మరి.

రెండో ప్రశ్న, "ఎప్పటి నుంచి?" ఇక్కడ మా ఇంటి సాక్ష్యాలు కలవలేదు. రాత్రి బాగానే ఉన్నాడని మా వారు. మొన్నటి నుంచీ మంచం కింద చేరుతున్నాడని అత్తయ్య చెప్పారని నేను. అంతలో మా అబ్బాయి ఫోను తీసి ఫొటోలు వెనక్కి జరిపాడు. వాడు పులిగాణ్ణి తియ్యని రోజు ఉండదు. కొన్నాళ్ళ కిందటి సాయంత్రం ఫొటోలో చెంప మామూలుగానే ఉంది గానీ చెవి కింద చిన్న చోట బొచ్చు లేచిపోయింది. డాక్టరుగారు ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి చూసి, "ఇదిగో, ఇక్కడ పడింది కాటు" అన్నారు.

పిల్లి కోరపన్ను సన్నగా, పొడుగ్గా ఉంటుంది. కరిస్తే లోతుకి దిగుతుంది, పైన మాత్రం చుక్కంత రంధ్రమే. నోట్లో ఉండే పాశ్చరెల్లా లాంటి సూక్ష్మజీవులు కండలోకి చేరతాయి, ఆ చుక్క ఒకటి రెండు రోజుల్లో మూసుకుపోతుంది. లోపల చీము పోగవుతుంది. కాటు పడ్డ 2 నుంచి 5 రోజుల్లో గడ్డ బయటపడుతుంది. అందుకే "రాత్రి బాగానే ఉన్నాడు" అన్నదీ నిజమే, "మొన్నటి నుంచీ బాగాలేడు" అన్నదీ నిజమే. పిల్లి బాధని దాచుకునే జంతువు. కుంటుతుందనో అరుస్తుందనో ఎదురుచూస్తే లాభం లేదు. మంచం కింద చేరడం, ఒళ్ళు నాకుకోవడం మానేయడం, ఇష్టమైనది పెట్టినా తినకపోవడం, దాని మూలుగు అంటే ఇదే.

కాంపౌండరు వెనక నుంచి థర్మామీటరు పెట్టాడు. 104 దాటింది. పిల్లికి మామూలుగా 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది, కాబట్టి ముట్టుకుంటే మనకి ఎప్పుడూ కాస్త వెచ్చగానే అనిపిస్తుంది. చేత్తో చూసి జ్వరం ఉందనీ లేదనీ చెప్పలేం. తర్వాత పెదవి ఎత్తి చిగుళ్ళ రంగు చూశారు, దవడ అటూ ఇటూ కదిపారు, కనుగుడ్డు ముందుకు తోసుకొచ్చిందా అని పైనుంచి చూశారు. బైకు తగిలినా, మేడ మీద నుంచి పడినా దవడ విరిగి ఇలాగే వాస్తుంది. అప్పుడు నోరు సరిగా మూతపడదు, నెత్తురు కలిసిన చొంగ కారుతుంది.

సరిగ్గా అప్పుడే ఒకావిడ పరిగెత్తుకుంటూ వచ్చింది, చీర కొంగులో తెల్లటి పిల్లికూన. దాని ముఖం చూస్తే మా వాడిది వాపే కాదనిపించింది. రెండు వైపులా పెదవులు, కనురెప్పలు ఉబ్బిపోయాయి, కళ్ళు గీతల్లా ఉన్నాయి. మొక్కల దగ్గర కందిరీగ వెంటపడిందట, అరగంట కూడా కాలేదట. డాక్టరుగారు పులిగాణ్ణి అలాగే బుట్టలోకి తోసి, ఆ కూన ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టారు. ఇంజెక్షన్ ఇచ్చి, ఆవిడను అక్కడే కూర్చోమన్నారు. ఇంటికి పంపలేదు. గొంతులోపల కూడా వాపు వస్తే ఊపిరి ఆడదు, అది మళ్ళీ ఎప్పుడైనా పెరగొచ్చు, కళ్ళెదుట ఉండాలి అన్నారు. మేము చీము పిండించుకుని బయటికి వచ్చేసరికి ఆ కూన ఒక కన్ను తెరిచి మా బుట్ట వైపు చూస్తోంది.

మా వంతు మళ్ళీ వచ్చాక ఆయన "మీ ఇల్లు పొలం పక్కనా?" అని అడిగారు. ఎందుకని అంటే, పాము. పిల్లి ముఖం ముందుకు పెట్టి పాముని వాసన చూస్తుంది, పంజాతో కొడుతుంది. కాటు ముఖం మీదో ముందుకాలి మీదో పడుతుంది. రక్తపింజర కరిస్తే ముఖం గంటల్లోనే వాస్తుంది, చర్మం కింద నల్లగా కములుతుంది, గాటులోంచి నెత్తురు ఆగదు. కట్టు కట్టడం, కోయడం, పసరు పోయడం ఏదీ పనికిరాదు. బుట్టలో కదలకుండా పెట్టి నేరుగా తీసుకురావడమే. మా ఇంటి వెనక ఆ పామును మేమే చూశాం గనక ఆ మాట నాకు బాగా నాటుకుంది.

నిమిషాల్లో, గంటల్లో వచ్చిన వాపు అయితే ఆ క్షణమే బయల్దేరాలి, అర్ధరాత్రైనా సరే. వాపు చిన్నదైనా సరే, నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే, చిగుళ్ళు పాలిపోయినా నీలంగా మారినా, కన్ను ముందుకు పొడుచుకొచ్చినా, ముఖం మీద దెబ్బ తగిలిందని తెలిసినా అంతే. కుక్క నాలుక చాపి వగర్చడం మామూలు, పిల్లి అలా చేస్తే మామూలు కాదు. వాపు మెల్లగా వచ్చి, ఊపిరి బాగుండి, కాస్తో కూస్తో తింటుంటే తెల్లారి తీసుకెళ్ళొచ్చు. తిండి పూర్తిగా మానేసి ఒక రోజు దాటితే ఇక ఆగకూడదు. రెండు మూడు రోజులు పస్తుంటే పిల్లి ఒంట్లో కొవ్వంతా కాలేయానికి చేరి అదే వేరే జబ్బవుతుంది. బొద్దుగా ఉన్న పిల్లులకి ఆ ప్రమాదం మరీ ఎక్కువ. బొద్దుగా ఉంది కదా, ఒకటి రెండు పూటలు తినకపోతే ఏం అనుకుంటాం మనం.

ఇక మా వాడి గడ్డ. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, వాడు సోలిపోయాక చెంప మీద బొచ్చు గొరిగారు. గొరిగితే కనబడ్డాయి, పక్కు కట్టిన రెండు చుక్కలు, మధ్య వేలెడు కూడా ఎడం లేదు. వాటి కింద బ్లేడుతో చిన్న గాటు పెట్టగానే చీము కాంపౌండరు చొక్కా మీదికి చిమ్మింది. లేత పచ్చగా, అక్కడక్కడ నెత్తురు చారలతో. ఆ కంపు చెప్పలేను. మా అబ్బాయి ముక్కు మూసుకుని బయటికి పోయాడు, గేదె దగ్గర నిలబడితే హాయిగా ఉందన్నాడు. సూది తీసేసిన సిరంజితో సెలైన్ లోపలికి కొట్టి, బయటికి వచ్చే నీళ్ళు తేటగా అయ్యేదాకా కడిగారు.

"కుట్లు వేయరా?" అని అడిగాను, లోపల గుంట అలా తెరుచుకుని ఉంటే చూడలేక.

"వేస్తే మళ్ళీ మొదటికే వస్తుందమ్మా. గాలి తగలని చోటే ఈ చీము పెరిగేది. గాటు తెరిచి ఉండాలి, లోపల నుంచి పూడుకుంటూ రావాలి. పైన ముందే మూసుకుపోకుండా మీరు చూడాలి" అన్నారు.

యాంటీబయాటిక్ బిళ్ళలు రాశారు, నొప్పికి పిల్లులకి వాడే ఇంజెక్షన్ అక్కడే ఇచ్చారు. గడ్డ ఇంకా గట్టిగా ఉంటే గోరువెచ్చని నీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో కాపడం పెట్టొచ్చట, కాబట్టి అత్తయ్య వైద్యంలో సగం పాసైంది. పసుపు మాత్రం వద్దన్నారు. తెరిచిన గాటులో పొడి ఏదీ పోయకూడదు.

ఇంటి దగ్గర పని ఆసుపత్రి పనికన్నా కష్టం. మెడకి గరాటు కాలర్ ఆ రోజు దొరకలేదు, పాత ఎక్స్‌రే ఫిల్ము కత్తిరించి అంచులకి ప్లాస్టర్ అంటించి తొడిగాం. మా మామగారి మోకాలు పులిగాడి మెడ చుట్టూ తిరిగింది. దాంతో వాడు తలుపులకి గుద్దుకుంటూ, నీళ్ళగిన్నె బోర్లిస్తూ తిరిగాడు. బిళ్ళ సంగతి సరేసరి. పెరుగన్నంలో పెడితే అన్నం తిని బిళ్ళ వదిలేశాడు. కోడి కార్జంలో పెడితే కార్జం చప్పరించి బిళ్ళ ఉమ్మేశాడు. చివరికి తువ్వాల్లో చుట్టి, ఒళ్ళో ఇరికించుకుని, పై దవడ పట్టి తల వెనక్కి వంచి, బిళ్ళ నాలుక వెనక వేసి, గొంతు నిమిరి, వెంటనే సూది లేని సిరంజితో కాసిని నీళ్ళు పక్క నుంచి పట్టించడం ఖాయం చేశాం. ఆ నీళ్ళు తప్పనిసరి. డాక్సీసైక్లిన్, క్లిండామైసిన్ లాంటివి ఎండుగా మింగిస్తే అన్నవాహికలో అతుక్కుని పుండు చేస్తాయట.

మొదటి రోజు ఆ కుస్తీలో నా ముంజేతి మీద గోళ్ళు దిగి నెత్తురొచ్చింది. మన దగ్గర ఇది చిన్న విషయం కాదు. పిల్లి రక్కినా, కరిచినా కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టకూడదు. మా వాడికి రేబిస్ టీకా వేయించాం, కానీ వాణ్ణి కరిచిన పిల్లి ఏదో, దానికి ఏముందో ఎవరికి తెలుసు? అందుకే వాడికి బూస్టర్ వేశారు. నేను ప్రభుత్వాసుపత్రికి వెళితే చర్మంలోకి ఇచ్చే టీకా మొదలుపెట్టారు. 0, 3, 7, 28 రోజుల లెక్క. 10 రోజులు పిల్లి ఆరోగ్యంగా ఉంటే మిగతాది ఆపాలా అన్నది అక్కడి డాక్టరు నిర్ణయిస్తారు. "పిల్లి గీరితే ఇంజెక్షన్లా?" అని పక్కింటావిడ నవ్వింది. నవ్వనీ.

గాటు పూడుకుని, కొత్త బొచ్చు వచ్చాక మగపిల్లి ఆపరేషన్ కూడా చేయించేశాం. కాట్లాటలన్నీ ఆడపిల్లి కోసం, హద్దు కోసం. ఆపరేషన్ తర్వాత అవి బాగా తగ్గుతాయి. ఇంకో కారణం కూడా చెప్పారు. పిల్లుల్లో కాటు ద్వారా అంటే ఎఫ్‌ఐవీ అనే వైరస్ ఉంది. మనుషులకి అంటదు గానీ పిల్లి రోగనిరోధక శక్తిని తినేస్తుంది. చుక్క రక్తంతో పరీక్ష చేసే కిట్లు ఉన్నాయి. కాటు పడ్డ వెంటనే చేస్తే తేలదు, 60 రోజులు ఆగి చేయాలి. అది మా జాబితాలో మిగిలిపోయింది.

ఆ తర్వాత పులిగాడు మనిషైపోయాడు. రాత్రిళ్ళు ఇంట్లోనే, కూలర్ ముందు. అందుకే ఎండాకాలంలో కుడి కన్ను కింద మళ్ళీ ఉబ్బు కనబడ్డప్పుడు "కాట్లాడుకొచ్చాడు" అన్న మాట నాకు రుచించలేదు. ఎవడితో కాట్లాడతాడు, కూలర్‌తోనా?

ఈసారి వాపు తీరు వేరు. ఉసిరికాయంత ఉంది, గట్టిగా ఉంది, పెద్దగా వేడి లేదు. మంచం కింద చేరలేదు, గుర్రుమనలేదు. తింటున్నాడు. కానీ ఎలా తింటున్నాడో పక్కన కూర్చుని చూస్తే సంగతి తెలిసింది. తల ఎడమవైపు వంచి ఆ పక్కనే నములుతున్నాడు. గట్టి గింజల తిండి నోట్లోంచి జారిపోతోంది, మెత్తటి చేప మాత్రం గుటుక్కుమంటోంది. గిన్నె పక్కన చొంగ చుక్కలు. ఇదంతా ఫోనులో వీడియో తీయించాను. కిందటిసారి ఫొటో చేసిన మేలు చూశాక మా ఇంట్లో అదొక అలవాటైంది. డాక్టరు బల్ల మీద భయంతో ముడుచుకున్న పిల్లి ఎలా నములుతుందో ఎవరికీ చూపించదు కదా.

మన డాక్టరుగారే యాంటీబయాటిక్ ఇచ్చి, "ఇది తగ్గుతుంది. మందు ఆపాక అదే చోట మళ్ళీ వస్తే మాత్రం ఇది చర్మం జబ్బు కాదు, పంటి వేరు జబ్బు. అప్పుడు విజయవాడ వెళ్ళాలి, నా దగ్గర పంటి ఎక్స్‌రే లేదు" అని ముందే చెప్పేశారు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అక్కడే. ఆయన చెప్పినట్టే తగ్గింది, చెప్పినట్టే మళ్ళీ వచ్చింది.

గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది, అక్కడికీ వెళ్ళొచ్చు. మాకు విజయవాడలో పంటి ఎక్స్‌రే ఉన్న ప్రైవేటు క్లినిక్కులో ముందు అపాయింట్‌మెంట్ దొరికింది. అక్కడి డాక్టరమ్మ పెదవి ఎత్తి టార్చి వేసి, నన్ను దగ్గరికి పిలిచి చూపించింది. కుడివైపు పై కోరపన్ను కొస లేదు. బియ్యపు గింజలో సగమంత ముక్క ఎగిరిపోయింది, ఆ చోట మధ్యలో నల్లటి చుక్క.

"ఇంతే విరిగితే ఏమవుతుంది?" అన్నాను.

"మన పంటికి అయితే ఏమీ కాకపోవచ్చు. పిల్లి కోరపంట్లో నరం, రక్తనాళాలు ఉండే గొట్టం దాదాపు కొస దాకా ఉంటుందండీ. కొస విరిగితే గొట్టం తెరుచుకున్నట్టే. నోట్లో సూక్ష్మజీవులు దాని వెంట వేరు దాకా మెల్లగా ఎక్కుతాయి. ఆ వేరు బయట కనబడే పన్నుకన్నా పొడుగు, వెనక్కి వంగి పైకి పోతుంది. అందుకే వాపు పంటి దగ్గర కాక కన్ను కింద తేలింది" అంది. ఇంతకుముందు ఎప్పుడైనా కాట్లాటలో దెబ్బ తగిలిందా అని అడిగింది. మా వారూ నేనూ ముఖముఖాలు చూసుకున్నాం. అంటే వానాకాలంలో ఆ రాత్రి గోడ మీద జరిగిన యుద్ధంలో వాడు కరిపించుకోవడమే కాదు, కరిచాడు కూడా. అప్పటి కాటు కొన్ని రోజుల్లో గడ్డయింది, అప్పుడే విరిగిన పన్ను తాపీగా నెలల తర్వాత గడ్డయింది. అత్తయ్య అన్న మాట ఒక విధంగా నిజమే, కాకపోతే తారీఖు పాతది.

మత్తు ఇచ్చే ముందు రక్తపరీక్ష చేశారు, ముందు రాత్రి నుంచి తిండి పెట్టొద్దన్నారు. మత్తులోనే నోట్లో చిన్న ప్లేటు పెట్టి ఎక్స్‌రే తీశారు. వేరు కొస చుట్టూ ఎముక కరిగి నల్లటి వలయంలా కనబడింది. కోరపన్ను ఊడబీకితే వచ్చేది కాదట. చిగురు తెరిచి, పక్క ఎముక కొంచెం అరగదీసి, వేరుతో సహా తీసి, కరిగిపోయే కుట్లు వేశారు. రెండు వారాల పాటు మెత్తటి తిండి. బయట వరండాలో కూర్చున్నంతసేపూ మా వారు పిల్లికి పన్ను పీకించడానికి సెలవు పెట్టానని ఆఫీసులో ఎలా చెప్పాలా అని ఆలోచించారు. కడుపులో బాగోలేదని చెప్పారట చివరికి.

డాక్టరమ్మని వదలకుండా అడిగి తెలుసుకున్నవి ఇంకొన్ని ఉన్నాయి. గడ్డం కింద నల్లటి చుక్కలతో మొటిమల్లా వచ్చి వాస్తే తిండిగిన్నె ప్లాస్టిక్‌దేమో చూసి స్టీలుదో పింగాణీదో పెట్టాలి, రోజూ కడగాలి. పెదవి ఒకటే దళసరిగా వాచి పుండు పడితే ఎలర్జీకి సంబంధించిన వాపు కావచ్చు, బొచ్చులో గెంతే పురుగుల (ఫ్లీల) మందు నుంచి మొదలుపెడతారు. ఆ మందు కుక్కలది పిల్లికి వాడకూడదు, అందులో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటే ప్రాణాంతకం. ముక్కు దూలం మీద ఉబ్బి, తుమ్ములు, చీమిడి ఉంటే ఫంగస్‌ని అనుమానిస్తారు, పావురాల రెట్టల్లో పెరిగేది. వయసు మళ్ళిన పిల్లికి దవడ ఎముక మీద రాయిలాంటి వాపు నొప్పి లేకుండా, వేడి లేకుండా పెరుగుతుంటే మాత్రం "నొప్పి లేదు కదా" అని ఊరుకోకూడదు. ముక్క తీసి పరీక్ష చేయించాలి, గడ్డ క్యాన్సర్ కావచ్చు. ఆవిడ లెక్కలో త్వరగా వచ్చే వాపుకి గంటలు గడువు, మెల్లగా వచ్చేదానికి రోజులు గడువు. గడువు లేని వాపు మాత్రం లేదు.

కుట్లు చూపించడానికి మళ్ళీ వెళ్ళినప్పుడే ఎఫ్‌ఐవీ పరీక్ష కూడా చేయించాం. కిట్టు మీద ఒక్క గీతే వచ్చింది, అంటే లేదని. పులిగాడు ఇప్పుడు రెండు వైపులా నములుతున్నాడు. ఆదివారం పూట మా అబ్బాయి వాడి పెదవి ఎత్తి టార్చి వేసి మిగతా పళ్ళు చూస్తాడు, వాడు భరిస్తాడు.

అది చూసి మా అత్తయ్య, "పిల్లి పంటికి విజయవాడ తీసుకెళ్ళారు, నా పన్ను ఎప్పట్నుంచి సలుపుతోందో అడిగిన నాథుడు లేడు" అన్నారు. వచ్చే వారం ఆవిడకీ అపాయింట్‌మెంట్ తీసుకున్నాం.